కాటన్ దొరకి దండ, కాలవకి చెత్త

సంక్రాంతికి కోనసీమ వెళ్ళొచ్చినవాళ్ళెవరూ కోనసీమ చూసినట్టు కాదు.

ఈ మాట అన్నందుకు మా బంధువుల్లో సగం మంది నన్ను వెలేస్తారని తెలుసు. ఐనా సరే. సంక్రాంతికి వెళ్తే ఏముంటుంది? కాలవల నిండా నీళ్ళు, దాళ్వా నాట్లు, మంచు, కోడిపందాలు, గట్టు మీద కొబ్బరిచెట్లు, వాటి నీడ కాలవలో. ఫోటో తీసి "ఆంధ్రా కేరళ" అని రాసి పెట్టేస్తే పనైపోయింది. పెళ్ళిపీటల మీద పిల్లని చూసి ఆ ఇంటి సంగతంతా తెలిసిపోయిందనుకోవడం లాంటిది ఇది. గోదావరి డెల్టా సంగతి నిజంగా తెలియాలంటే మే నెలలో వెళ్ళాలి. కాలవలు కట్టేశాక.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఏటా ఏప్రిల్లో, దాళ్వా పంట చేతికొచ్చే వేళకి, ధవళేశ్వరం దగ్గర కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. జూన్లో సార్వాకి మళ్ళీ వదులుతారు. ఈ మధ్యలో పూడికలు తియ్యడం, గట్లు బాగుచెయ్యడం, లాకుల తలుపులకి మరమ్మతులు చెయ్యడం జరగాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఇది మెయింటెనెన్స్ విండో. కట్టేసే ముందు ఊళ్ళవాళ్ళంతా మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. మళ్ళీ కాలవ వచ్చేదాకా ఆ చెరువే గతి.

మొన్న మే 15న రాజమండ్రిలో అత్తగారింట్లో ఉన్నాను. ఆ రోజు కాటన్ దొర పుట్టినరోజు. సర్ ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టాడు. ఆయన కట్టిన కాలవ గట్ల వెంటే ఒక రోజంతా బండి మీద తిరిగితే ఎలా ఉంటుందీ అనిపించింది. మా బావమరిదిని రమ్మన్నాను. "మతి పోయిందా బావా? మే నెలలో, అదీ కాలవలు కట్టేశాక ఏం చూస్తావు, బురదా?" అన్నాడు. వాడు వెటకారానికి అన్నా అక్షరాలా అదే జరిగింది.

మావయ్యగారి పాత హీరో హోండా స్ప్లెండర్ తీసుకుని తెల్లారుజామున ఐదింటికి ఒక్కణ్ణీ బయల్దేరాను. బుల్లెట్టూ కాదు, హెల్మెట్టు మీద కెమెరా కూడా లేదు. రెండు లీటర్ల నీళ్ళసీసా, తలకి తువ్వాలు, అత్తగారు కట్టిచ్చిన పులిహోర, అంతే.

ధవళేశ్వరం చేరేసరికి ఇంకా చల్లగానే ఉంది. బ్యారేజీ మీద చేపలు పట్టేవాళ్ళు, వాకింగుకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ 1982లో పూర్తయింది, 175 గేట్లు. అంతకు ముందున్నది కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. అన్నీ కలిపి రెండుంపావు మైళ్ళు. రాయి పక్కనున్న ధవళేశ్వరం కొండలోంచే తీశారు.

బ్యారేజీ మీంచి బొబ్బర్లంక దగ్గర దిగి ఆత్రేయపురం వైపు తిరిగాను. ఇక్కణ్ణుంచి రావులపాలెం దాకా కాలవ పక్కనే రోడ్డు. ఈ గట్టు రోడ్లు బళ్ళ కోసం పుట్టినవి కావు. కాలవలో పడవ వెళ్తుంటే గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని దాన్ని లాక్కుంటూ నడిచేవారు. కాకినాడ నుంచి గోదావరి, ఏలూరు కాలవ, కృష్ణ, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవ మీదుగా మద్రాసు దాకా పడవలో వెళ్ళిపోయేవారు. లాకులున్నది అందుకే. కాలవ ఒక మెట్టు దిగే చోట పడవని కూడా మెల్లగా మెట్టు దింపడానికి. 2008లో ఈ దారినే జాతీయ జలమార్గం 4 అని ప్రకటించారు. నాకైతే ఆ రోజు దారి పొడుగునా ఒక్క సరుకు పడవా కనబడలేదు. కట్టేసిన కాలవలో పడవేమిటి అంటారా, నీళ్ళున్నప్పుడు వెళ్ళినా నేను చూసింది గుర్రపుడెక్కనే.

లొల్ల లాకుల దగ్గర ఆగాను. ఈ లాకుల్ని మీరు చూసే ఉంటారు, పాత సినిమాల పుణ్యమా అని. నీళ్ళు లేని లాకు చూస్తే గానీ ఆ కట్టుబడి ఏమిటో తెలియదు. రాయి మీద రాయి ఎంత ఒద్దికగా కూర్చోబెట్టారో! కాస్సేపు అలా చూస్తూ ఉండిపోయాను. నేను రాసిన ప్రోగ్రాములు ఐదేళ్ళు బతికితే గొప్ప. ఇది నూట డెబ్భై ఏళ్ళ పై మాటు నడుస్తోంది. మోటారు లేదు, కరెంటు లేదు. డెల్టాలో నది ఒడ్డు ఎత్తుగా, ఒడ్డు నుంచి దూరం వెళ్ళేకొద్దీ నేల పల్లంగా ఉంటుంది. అందుకని కాలవల్ని మెరక మీద తీసుకెళ్ళారు, చేలల్లోంచి దిగే మురుగుని పల్లంలో డ్రెయిన్లలోకి వదిలారు. నీళ్ళు తమంతట తామే కాలవలోంచి బోదెలోకి, బోదెలోంచి చేలోకి, చేలోంచి డ్రెయిన్లోకి, డ్రెయిన్లోంచి సముద్రంలోకి పోతాయి. పది లక్షల ఎకరాలు ఇలాగే తడుస్తాయి.

ఇదంతా దేవుడిచ్చిన పచ్చదనం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1830ల్లో ఇక్కడ ఎలా ఉండేదో ఒకసారి చూడండి. నందన కరువు 1832-33లో వచ్చింది. 1839లో తుఫాను, సముద్రం ఊళ్ళ మీదికి వచ్చేసింది. కంపెనీవాళ్ళ లెక్కల్లోనే 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉన్న ఈ జిల్లా జనాభా 1841కి ఐదున్నర లక్షల చిల్లరకి పడిపోయింది. గోదావరి పక్కనే పారుతోంది, జనం పక్కనే చచ్చిపోతున్నారు. 1844లో మాంట్‌గోమరీ అనే అధికారి జిల్లా పరిస్థితి ఏమీ బాగాలేదని రిపోర్టు ఇస్తే, తర్వాత కాటన్ వచ్చి ఆనకట్ట కట్టాలని రాశాడు. కంపెనీవాళ్ళు మన మీద ప్రేమతో డబ్బివ్వలేదు, శిస్తు వస్తుందని ఇచ్చారు. వచ్చింది కూడా. కాటన్ వెనక వీణెం వీరన్న ఉన్నాడు, పేర్లు మిగలని వేలమంది కూలీలు ఉన్నారు. ఇది మనుషులు కట్టింది. మనుషులు చూసుకుంటేనే నిలుస్తుంది.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

లాకులు దాటాక ఎండ ఎక్కడం మొదలైంది. ఎండతో పాటే వాసన. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా నేను చూసిన ఊళ్ళ పేర్లు రాయను, ఎందుకంటే ఏ ఊరి పేరు రాసినా పక్క ఊరివాళ్ళు "అమ్మయ్య, మాది కాదు" అనుకుంటారు. నీళ్ళు దిగిపోయిన కాలవ అడుగున ఏముందో చెప్తాను. పాలిథిన్ కవర్లు. కోళ్ళ వ్యర్థాలు కట్టిన గోనె సంచులు. పిల్లల డైపర్లు. ఆసుపత్రి సూదులు. పెళ్ళిళ్ళలో తిన్న థర్మోకోల్ ప్లేట్లు. పోయిన వినాయకచవితి నాటి విగ్రహాల తాలూకు కర్రలు, ఇనపచువ్వలు. బ్రాందీ సీసాలు, వాటిని లెక్కపెట్టే పనే లేదు. ప్రతి ఊరి మొదట్లోనూ చివర్లోనూ గట్టు మీంచి కాలవలోకి జారే చెత్త కుప్ప. ఊరు మొదలైందనో అయిపోయిందనో తెలియడానికి బోర్డు చూడక్కర్లేదు, ముక్కు చాలు.

నీళ్ళున్నప్పుడు ఇవన్నీ ఉంటాయి. మనకి కనబడవంతే.

ఇంకా రెండు వారాలు పోతే ఇవే కాలవల్లో నీళ్ళు వదుల్తారు. ఆ నీళ్ళే మంచినీళ్ళ చెరువులోకి వెళ్తాయి. ఆ చెరువే ఫిల్టరు బెడ్డు దాటి కుళాయిలోకి వస్తుంది. ఆ కుళాయి నీళ్ళు తాగడానికి భయపడి జనం ఇరవై లీటర్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. గోదావరి జిల్లాలో నీళ్ళు కొనుక్కోవడమా అని మా తాతగారి తరం వాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు ఏ గుమ్మం ముందు చూసినా టిన్నులే. కొనుక్కోలేని వాళ్ళు మాత్రం కుళాయివే తాగుతున్నారు. అంటే మనం కాలవలో వేసిన చెత్త చివరికి ఎవరి కడుపులోకి వెళ్తోందో ఆలోచించండి.

తొమ్మిదిన్నరకి ఒక ఊరి చివర చిన్న లాకు. దాని పక్కన కాటన్ విగ్రహం. టోపీ, గుర్రం, వెండి రంగు. ఫ్లెక్సీ కట్టారు, "అపర భగీరథుడు" అని. ఓ పాతికమంది పెద్దలు, రెండు కార్లు, ఒక మైకు. బండి ఆపి చెట్టు కింద నిలబడ్డాను. పావుగంట ఉపన్యాసాలు. దొర లేకపోతే మనం లేమన్నారు. అన్నం తినేముందు ఆయన్ని తలుచుకోవాలన్నారు. బాగా మాట్లాడారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. బంతిపూల దండ వేశారు, ఫోటోలు తీసుకున్నారు, అందరికీ టీ, నీళ్ళ పాకెట్లు పంచారు.

తర్వాత దండ తెచ్చిన పాలిథిన్ కవరు కాలవలో పడింది. వెనకాలే టీ కప్పులు. వెనకాలే నీళ్ళ పాకెట్లు.

ఎవరూ కోపంతోనో కక్షతోనో వెయ్యలేదు. చెయ్యి తనంతట తనే అటు వెళ్ళింది. విగ్రహానికి కాలవ ఆరడుగుల దూరం కూడా లేదు.

"మరి నువ్వేం చేశావు?" అని అడుగుతారు కదూ. ఏం చెయ్యలేదు. బయటి ఊరివాణ్ణి, ఒక్కణ్ణే ఉన్నాను, పాతికమంది పెద్దలు. బండి స్టార్టు చేసి వచ్చేశాను. ఆ పిరికితనం దారి పొడుగునా గుచ్చుతూనే ఉంది. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి అదీ ఒక కారణమే.

నాకు అప్పుడు తట్టింది ఒకటే. కాటన్ని దేవుణ్ణి చెయ్యడంలో మనకొక సుఖం ఉంది. దేవుడు కట్టింది దేవుడే చూసుకుంటాడు, మనం దండ వేస్తే చాలు. ఇంజనీరు కట్టిందని ఒప్పుకుంటే మాత్రం రోజూ చూసుకోవాల్సిన పని మన నెత్తిన పడుతుంది. సంకల్పంలో ఆయన పేరు చేర్చి గోదావరి స్నానం చేసిన బ్రాహ్మలున్న నేల ఇది. ఆ కృతజ్ఞతని నేను తప్పు పట్టను. కానీ కృతజ్ఞత పని కింద జమ కాదు.

పనిచేసే మనిషి ఎలా ఉంటాడో ఇంకో గంటకి కనబడ్డాడు. టీకొట్టు బల్ల మీద కూర్చున్న పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి.

"ఎక్కణ్ణించండి రావడం?"

"రాజమండ్రి నుంచండి. ఊరికే, కాలవలు చూద్దామని."

"కాలవలా? కట్టేసేరు కదండీ! ఏం సూత్తారండి ఇప్పుడు?"

"అదే చూద్దామనండి."

ఆయనకి నవ్వొచ్చింది. తీరా చూస్తే లస్కరుగా చేసి రిటైరైన మనిషి. లస్కరు అంటే కాలవ మీద కాపలా మనిషి. గట్టు తిరిగి చూసుకోవడం, తూములు ఎత్తడం, దించడం ఆయన పని.

"మా రోజుల్లో ఇంతింత మేర అని ఒక్కోళ్ళకి అప్పజెప్పేవోరండి. తెల్లారితే గట్టెంబడే నడకండి. ఎలక బొక్క పడ్డా, పీత బొక్క పడ్డా మాకే ముందు తెలిసేదండి. గట్టు మీద గేదెని కట్టినా ఊరుకునేవోళ్ళం కాదండి. ఆయ్."

"మరిప్పుడో?"

"ఇప్పుడు నడిసేవోడెవడండి? నేనెళ్ళిపోయేక ఆ పోస్టులో ఎవర్నీ ఎయ్యలేదండి. గట్టు తెగేక మటుకు అందరూ కార్లేసుకుని వత్తారండి."

మా వృత్తిలో దీనికి అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా నడుస్తున్న సిస్టం. దాన్ని చూసుకునే ముసలాయన రిటైరౌతాడు. "గొడవేం లేదుగా, ఇంకో మనిషెందుకు దండగ" అని మేనేజర్లు ఊరుకుంటారు. గొడవ లేకపోవడానికి కారణం ఆ ముసలాయనే అని ఒక అర్ధరాత్రి అందరికీ ఒకేసారి తెలుస్తుంది. మా దగ్గరైతే వెబ్‌సైటు పడిపోతుంది. ఇక్కడ చేను మునుగుతుంది, లేదా ఎండుతుంది.

కొత్తపేట, అంబాజీపేట మీదుగా మిట్టమధ్యాహ్నానికి పి. గన్నవరం చేరాను. అక్కడ వైనతేయ మీద కాలవ నదిని దాటుతుంది. అవును, నది మీద వంతెన, ఆ వంతెనలో కాలవ. అవతలనున్న రాజోలు దీవికి నీళ్ళు ఇవ్వడానికి 1850ల్లోనే నలభై పైచిలుకు ఆర్చీలతో కట్టారు. దాని పక్కనే 2000లో కొత్తది వచ్చింది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్ళకి వేళ కాని వేళ కూడా అన్నం వండి పెట్టిన మహాతల్లి, 1909లో పోయారు. అన్నం పెట్టిన మనిషి పేరు నీళ్ళు మోసే వంతెనకి పెట్టాలని తోచినవాళ్ళు ఎవరో గానీ దణ్ణం పెట్టాలి. దగ్గర్లో ఒక రామాలయం అరుగు మీద పులిహోర తిని, ఎండ తగ్గేదాకా పడుకున్నాను. లేచాక ఒక కొబ్బరిబొండాం తాగాను. తాగిన బొండాం ఎక్కడ వెయ్యాలని అడిగితే, అమ్మే కుర్రాడు కాలవ వైపు చెయ్యి చూపించాడు.

ఇక్కడ అవతలివాళ్ళ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో చెత్త ట్రాక్టరు గట్టు మీద తిరగబోస్తుంటే ఈసారి ఆగి అడిగాను. పొద్దున్న పోయిన పరువు కొంచెమైనా దక్కించుకుందామని. డ్రైవరు ఏమీ గింజుకోలేదు. "ఎక్కడెయ్యమంటారండి? సెంటు సోటు సూపించండి, రేపట్నుంచి ఆడే పోత్తాను" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. డెల్టాలో ఖాళీ స్థలం అనేదే లేదు. ఉంటే చేను, లేకపోతే తోట, లేకపోతే ఇల్లు. ఎకరం రేటు వింటే హైదరాబాద్ వాళ్ళు కూడా నోరు తెరుస్తారు. పంచాయితీ డంపింగ్ యార్డు కోసం చోటు కొనాలంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఎవరిదీ కాని నేల ఒక్కటే మిగిలింది, అది కాలవ గట్టు. ఇల్లు లేనివాడు గుడిసె వేసుకునేదీ అక్కడే, ఊరు చెత్త పోసేదీ అక్కడే. గట్టు మీద గుడిసె వేసుకున్నవాణ్ణి తిట్టడం మన పెద్దమనుషులకి చాలా తేలిక. కానీ పట్టణాల మురుగు ముందు వాడి మురుగెంత? రాజమండ్రిలో నల్లా ఛానల్ మురుగు గోదావరిలో కలవడం గురించి పేపర్లు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నాయి. రాజమండ్రి ఆనకట్టకి ఎగువనుంది. డెల్టా అంతా దిగువనుంది. మిగతాది వేరే చెప్పాలా?

ఐనా డ్రైవరు ప్రశ్నకి జవాబు లేదంటే నేను ఒప్పుకోను. అది అడగాల్సింది డ్రైవరు కాదు, అడగాల్సినవాళ్ళు అడగడం లేదు. ఊరి చెత్తలో తడిచెత్త ఎక్కువ. కొబ్బరితోటల సీమలో తడిచెత్త వెయ్యడానికి చోటు లేకపోవడమేమిటి? మన పెద్దవాళ్ళు పెంటపోగు వేసి చేలకి తోలుకునేవారు. అది పోను మిగిలే ప్లాస్టిక్ కోసం నాలుగైదు ఊళ్ళు కలిసి ఒక్క చోటు కొనుక్కోలేవా? జాతరకీ తీర్థానికీ చందాలు ఎంతెంత లేస్తాయో మనకి తెలియదా?

సరే, ఊళ్ళో ఉన్నవాళ్ళని అన్నాను. ఇప్పుడు నా వంతు.

రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వచ్చాను. దారికి ఓ పక్కగా మా అమ్మమ్మగారి ఊరు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే. తాతగారి చేలోకి ఒక బోదె ఉండేది, మేం కాగితం పడవలు వదిలేవాళ్ళం. 2010లో ఆ చేను అమ్మేశారు. మనవల్లో సగం అమెరికా, సగం హైదరాబాదు, చేసేవాళ్ళు లేరు. కొన్నాయన వెంచర్ వేశాడు. వెంచర్లోకి రోడ్డు కావాలి కదా, బోదె పూడ్చి వేశారు. ఆ బోదె మా చేనుతో ఆగిపోయేది కాదు. కింద ఇంకా చేలున్నాయి. వాటిల్లో ఒకటి మా తాతగారి స్నేహితుడిది. ఇప్పుడు వాళ్ళబ్బాయి చేస్తున్నాడు. బండి ఆపి పలకరించాను. గుర్తుపట్టాడు.

"మాకిప్పుడు నీళ్ళు రావాలంటే ఇంజనే బాబూ. వానొస్తే మటుకు ఆ నీరంతా మా చేలోనే నిలబడిపోద్ది" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. మంచినీళ్ళిచ్చాడు, టిన్నులోవే. "అమ్మగారు బాగున్నారా?" అని అడిగాడు.

చేను అమ్మినప్పుడు మేం మాట్లాడుకున్నది రేటు గురించి. బోదె గురించి మాలో ఒక్కరికీ తట్టలేదు. కాలవలో కవరు వేసినవాడికీ నాకూ తేడా ఏమైనా ఉందంటే, నాది పెద్ద కవరు. అందుకే సాఫ్ట్‌వేర్ డబ్బుతో ఊళ్ళో అరెకరం కొని ఫార్మ్ హౌస్ కట్టి "మళ్ళీ మూలాలకి వచ్చాం" అని రాసేవాళ్ళని ఒకటే అడుగుతాను. మీ ప్రహరీ గోడ కింద ఏ బోదె ఉంది?

ఇలా పైన ఒక్కొక్కళ్ళం ఒక్కొక్క ముక్క పూడుస్తూ పోతే నష్టపోయేది శివారు రైతు. కాలవ చివర ఉన్నవాడికి నీళ్ళు ఆఖర్న వస్తాయి, మురుగు మాత్రం ముందు వస్తుంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. అన్నపూర్ణ అని పాటలు పాడుకునే చోట "మేం వరి వెయ్యం" అన్నారు. గిట్టుబాటు ధర ఒక కారణమైతే, మునిగిన చేలు ఇంకో కారణం. 2022లో మళ్ళీ అదే మాట. సముద్రం దగ్గర శంకరగుప్తం డ్రెయిన్ చుట్టుపక్కల ఉప్పునీళ్ళు ఎగదన్ని కొబ్బరిచెట్లు మొవ్వులు రాలి మోడులైపోయాయని 2025లో రైతులు మొత్తుకున్నారు. భీమవరం వైపు వరిచేలు రొయ్యల చెరువులైపోయాయి. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక ఆ జోరు ఇంకా పెరిగింది. చెరువు తవ్వినవాణ్ణి తిట్టేముందు వాడి వరిచేను ఎన్నిసార్లు మునిగిందో అడగాలి. ఒకడి చెరువు నీళ్ళు పక్కవాడి చేలోకీ ఊరి కాలవలోకీ ఎందుకు వస్తున్నాయన్నది కూడా అడగాలి.

డబ్బు లేక కాదు. 2000ల చివర్లో డెల్టా ఆధునీకరణ అని పెద్ద పథకమే మొదలైంది. పని జరగాల్సింది కాలవ కట్టేసిన ఆ కాస్త వ్యవధిలోనే. బిల్లులు ఆలస్యం, కాంట్రాక్టరు మే నెలాఖర్న దిగడం, ఈలోగా జూన్, నీళ్ళు వదలమని రైతుల ఒత్తిడి. మళ్ళీ ఏడాది చూద్దాం. నడుస్తున్న సిస్టంని ఆపకుండా బాగుచెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆపే ఆ కొద్ది రోజులూ బంగారం. ఆ బంగారం లాంటి రోజుల నడిమధ్యన, మే 15న, మనం చేస్తున్నదేమిటి? ఉపన్యాసాలు.

పాలకొల్లు దాటి మార్టేరు వచ్చేసరికి సాయంత్రమైంది. అక్కడ వరి పరిశోధనా కేంద్రం ఉంది. స్వర్ణ అనే వంగడం, ఎం.టి.యు. 7029, 1982లో అక్కణ్ణుంచే వచ్చింది. తూర్పు రాష్ట్రాల్లో, బంగ్లాదేశ్‌లో కూడా దాన్ని పండించారు. ఈ కాలవ నీళ్ళలో పుట్టిన గింజ ఎక్కడెక్కడి వాళ్ళకో అన్నం పెట్టింది. కేరళతో పోల్చుకుని మురిసిపోయేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్పండి. కోనసీమకి ఇంకోచోటి పేరు అద్దెకి తెచ్చుకోవాల్సిన ఖర్మ లేదు. ఇది చూసి వెళ్ళిపోయే బొమ్మ కాదు, పనిచేసే యంత్రం. యంత్రానికి నూనె వెయ్యాలి.

పెనుగొండ, పెరవలి, నిడదవోలు, విజ్జేశ్వరం. మళ్ళీ బ్యారేజీ. దగ్గర దగ్గర నూట ఎనభై కిలోమీటర్లు. ఒళ్ళంతా దుమ్ము, మొహం మాడిపోయింది.

ఇంతకీ ఏం చెయ్యమంటావు అంటే, పెద్ద పెద్ద మాటలేం లేవు. లస్కరు పోస్టులు నింపమని అడగండి. రోడ్డు కోసం, కమ్యూనిటీ హాలు కోసం అడిగినంత గట్టిగా దీన్నీ అడగండి. ఇంటి పట్టా చూసేటప్పుడు బోదె ఎటు పోతుందో కూడా చూడండి. మే 15న విగ్రహం దగ్గరికి వెళ్ళే పెద్దలు దండతో పాటు రెండు పారలు, నాలుగు గోనెసంచులు కూడా తీసుకెళ్ళండి. విగ్రహానికి ఇటు వంద గజాలు, అటు వంద గజాలు చాలు. ఫోటో అప్పుడే తీసుకోండి, ఇంకా బాగా వస్తుంది.

నేను చేసేది కూడా చెప్తాను, లేకపోతే ఇదీ ఇంకో ఉపన్యాసమే. పూడ్చిన బోదె బదులు ఆ రోడ్డు కింద తూము వేయించడానికి వీలుందా అని వెంచర్ ఆయన్ని, పక్క రైతుల్ని కలిసి అడగాలని ఇంట్లో మాట్లాడాను. కజిన్లకి మెయిల్ పెట్టాను. ఆరుగురిలో ఇద్దరు సరే అన్నారు. ఒకడు "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు. మిగతావాళ్ళ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. వచ్చే మే నెలలో వెళ్ళి చూస్తాను.

ఇంటికొచ్చి బండి స్టాండు వేస్తుంటే మా బావమరిది అడిగాడు, "ఏం చూశావు బావా, బురదేనా?" ఫోన్లో ఫోటోలు చూపించాను. ఒక్కొక్కటీ జరుపుకుంటూ వెళ్ళాడు. ఆఖర్న అన్నాడు, "ఇదెక్కడ? మనదేనా?"

మనదే.